కారణం రాసే గడి

మా అమ్మమ్మ మంత్రసాని. తుర్కయాంజాల్‌లో మా మాదిగవాడకే కాదు, ఊరందరికీ ఆమే దిక్కు. పటేండ్ల ఇండ్లల్లో కోడలికి నొప్పులు మొదలైతే నడిరాత్రి జీతగాడు లాంతరు పట్టుకుని వాడకు ఉరికొచ్చేవాడట. పగటిపూట గడప తొక్కనీయని ఇంట్లోకి ఆ రాత్రి పెరటి దర్వాజ నుంచి తీసుకుపోయేవాళ్ళు. లోపలి అర్ర దాకా పోయేది. సొంత అత్త గూడ దగ్గరికి రాని చోట మా అమ్మమ్మ చెయ్యి పెట్టేది. బొడ్డు కోసేది. మాయ పాతిపెట్టేది. నెత్తురు బట్టలు ఉతికేది. తెల్లారినంక శేరు బియ్యం, పాత చీరె పైనుంచి ఆమె ఒళ్ళో వేసేవాళ్ళు, చెయ్యి తగలకుండా. ఆమె నడిచిన జాగ మీద పసుపునీళ్ళు చల్లుకునేవాళ్ళు. ఇరవయ్యొకటో దినం బిడ్డకు పేరు పెట్టేటప్పుడు ఆ బిడ్డను మొట్టమొదట ఎత్తుకున్న మనిషి వాకిట్ల బయట నిలబడేది.

అమ్మమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ఏ కాన్పు ఎందుకు కష్టమైందో అడిగితే ముప్పై ఏండ్ల కిందిది గూడ చెప్పేది. "గా పిల్లకు బిడ్డ అడ్డం పడ్డది. గామెకు ఎదురుకాళ్ళు. గా చిన్నకోడలికి పదహారేండ్లే, నడుమెముక ఎదగలేదు. గామెకు మాయ ముందుకొచ్చింది, నెత్తురు ఆగలే. మనోళ్ళ పిల్ల తొమ్మిదో నెల దాకా నాట్లేసింది, ఒంట్ల నెత్తురు లేదు." తన చేతిలో లేనిది గూడ దాచేది కాదు. "ఇది నాతోని గాదు, పట్నం తీస్కపోండ్రి" అనేది. బండి కట్టి సాగర్ రోడ్డు పట్టుకుని కోఠి సుల్తాన్‌బజార్ జచ్చాఖానకు పోయేవాళ్ళు. దారిలోనే ప్రాణం పోయినోళ్ళ పేర్లు గూడ ఆమెకు గుర్తే.

ఆమెను దేవతను చేద్దామని ఇది రాస్తలేను. ఆమె చేతిలో తల్లులు పోయిన్రు, బిడ్డలు పోయిన్రు. మా అమ్మకు ఆరు కాన్పులైతే మిగిలింది నలుగురం. దవాఖాన్లు రావాలె, వచ్చినయి, మంచిదే. నేను చెప్పేది ఒకటే. ఆమె లెక్కలో ప్రతి కష్టపు కాన్పుకు ఒక కారణం ఉండేది, ఆ కారణం ఆ తల్లికి తెలిసేది.

మా ఇంట్ల డిగ్రీ దాకా వచ్చిన మొదటిదాన్ని నేను. బీయస్సీ, తర్వాత డీయెడ్. 2019లో సర్కారు బడిలో కొలువు వచ్చింది. అంతకుముందు ప్రైవేటు బడిలో నెలకు ఏడు వేలకు చెప్పేదాన్ని. నా కాన్పు ఆ రోజుల్లోదే, 2018ది. అప్పటికే సాగర్ రోడ్డు రోడ్డంతా వెంచర్లు, అపార్ట్‌మెంట్లు. మాసబ్ చెరువు చుట్టూ ప్లాట్ల రాళ్ళు. మునుపు జొన్న చేన్లున్న చోట నర్సింగ్ హోంల బోర్డులు. అందులో ఒక దాంట్లో చూపించుకునేదాన్ని. పేరు రాయను, పేరు మారిస్తే ఏ బోర్డుకైనా సరిపోయే కథ ఇది.

తొమ్మిదో నెలలో మామూలు చెకప్‌కు పోయిన. స్కానింగ్ చూసి డాక్టరమ్మ "ఉమ్మనీరు తక్కువుంది, ఇయ్యాలనే తీసెయ్యాలె" అన్నది. నాకు నొప్పుల్లేవు. బిడ్డ బాగనే తిరుగుతుంది కడుపులో. మా అమ్మ డాక్టరమ్మ రెండు చేతులు పట్టుకుని "ఇంకింత సేపు సూడమ్మా, నొప్పులొస్తయేమో" అని బతిమాలింది. "బిడ్డకేమన్న అయితే నీది పూచీనా?" అన్నది ఆమె. ఆ మాట తర్వాత ఏ తల్లి మాట్లాడుతది? మా ఆయన నాలుగు కాగితాల మీద సంతకం పెట్టిండు. ఇంగ్లీషు కాగితాలు. రెండు గంటల్లో బిడ్డ పుట్టింది. వాళ్ళకు కట్టిన పైసలకు మా ఆయన నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చిండు. అది తీరేసరికి బిడ్డకు మూడేండ్లు నిండినయి.

ఐదో దినం డిశ్చార్జి కాగితం ఇచ్చిన్రు. ఆటోలో చదువుకున్న. మా ఇంట్ల ఇంగ్లీషు కాగితం చదివే మనిషిని నేనే కదా. పేరు, వయసు, బిడ్డ బరువు, కుట్లు విప్పే తారీఖు. మధ్యలో ఒక లైను. ఆపరేషన్ ఎందుకు చేసిన్రో చెప్పే లైను. "పేషెంట్ అటెండర్ల కోరిక మేరకు."

అటెండర్లంటే మా అమ్మ, మా ఆయన. అమ్మకు తెలుగులో చెప్పిన. నమ్మలేదు. "నేనెప్పుడడిగిన? కొయ్యొద్దని గదనే నేను కాళ్ళేళ్ళ పడ్డది" అన్నది. ఇంటికి పోయేదాకా అదే మాట. ఉమ్మనీరు సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు. కుట్లు విప్పించుకోను పోయినప్పుడు కౌంటర్ల అడిగిన. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్ల పాపం మంచిగనే చెప్పింది. "అది ఫార్మాట్ మేడం, అందరికీ అదే వస్తది."

ఆ దినం నాకు ఆపరేషన్ అవసరమే ఉండెనేమో. ఉమ్మనీరు నిజంగనే తగ్గిందేమో. నా బిడ్డ బతికింది, రెండో తరగతి చదువుతుంది. నేను డాక్టరును కాను, అవసరం లేకుండ కోసిన్రని దస్తావేజు రాసియ్యలేను. అవసరం ఉంటే ఆ అవసరం పేరు ఎందుకు రాయలేదు? నోటితో ఒక కారణం, కాగితం మీద ఇంకో కారణం ఎందుకు? కాగితం మీదికి వచ్చేసరికి ఆ కారణం మా అమ్మ నెత్తి మీద ఎందుకు పడింది?

ఈ విద్య నాకు కొత్తది కాదు. పంతులమ్మను, రోజూ రిజిస్టర్లతోనే పని. పిల్లలు బడి మానేస్తే కారణం రాసే గడి ఒకటుంటది. పాత రిజిస్టర్లు తిరగేస్తుంటే వాడల పిల్లల పేర్లకు ఎదురుగా ఒకటే రకం రాతలు. "తల్లిదండ్రుల అశ్రద్ధ." "చదువుపై ఆసక్తి లేదు." "గైర్హాజరు." మా నాయనది అవతలి ఊరు. ఆయన చదివిన బడి రిజిస్టరు ఒకసారి చూడగలిగిన. నాలుగో తరగతి, పేరు కొట్టేసి ఉంది, పక్కన "అశ్రద్ధ." మా నాయన చెప్పే కారణం వేరు. నీళ్ళ కుండ ముట్టిండని ఒక సారు తుమ్మబరిగెతో కొట్టిండు, తెల్లారి నుంచి పటేలు బర్ల కాడికి పోయిండు. కొట్టిన సారు చేతిలోనే కలం ఉంది. ఆ గడిలో ఆయన తన పేరు రాసుకుంటడా?

ఆపరేషన్ థియేటర్లో గూడ అంతే. కోసినోళ్ళే కారణం రాస్తరు. కోయించుకున్నోళ్ళకు అది చదవరాదు.

ఇప్పుడు పెద్ద లెక్కలకొస్త. చదువుకునే తమ్ముళ్ళు, చెల్లెండ్లు, సంఘాల్లో తిరిగే అన్నలు ఈ లెక్కలు మీటింగుల్లో చెప్తుంటరు కాబట్టి వివరంగనే రాస్త. కేంద్ర ప్రభుత్వం చేయించే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఉంది. 2015-16 నాటి నాలుగో సర్వేలో తెలంగాణలో కాన్పుల్లో దాదాపు 58 శాతం ఆపరేషన్లు. 2019-21 నాటి ఐదో సర్వేకు అది 60.7 అయింది. అదే సర్వేలో దేశం మొత్తానికి 21.5. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల్లో అయిన కాన్పులు మాత్రమే తీసుకుంటే 81.5 శాతం, సర్కారు దవాఖానల్లో 44.5. కరీంనగర్ జిల్లాలో 80 దాటింది, కుమురంభీం ఆసిఫాబాద్‌లో 30 లోపే. ఒకటే రాష్ట్రం. కరీంనగర్ ఆడవాళ్ళ నడుమెముకలు ఒక తీరు, ఆసిఫాబాద్ ఆడవాళ్ళ నడుమెముకలు ఇంకో తీరు ఉండవు కదా.

సరే, ఈ 60.7లో ఎవరికి బిడ్డ అడ్డం తిరిగింది? ఎవరికి గుర్రపువాతం వచ్చింది? ఎవరికి బిడ్డ గుండె చప్పుడు తగ్గింది? ఎవరికి ఇదివరకే ఆపరేషన్ అయింది కాబట్టి మళ్ళా చేసిన్రు? ఎవరికి ఏమీ లేకుండనే చేసిన్రు? సర్వే చెప్పదు. ఎందుకంటే సర్వే అడగదు. బిడ్డ కడుపు కోసి తీస్తే పుట్టిందా అని అడుగుతరు. ఆ నిర్ణయం నొప్పులు మొదలుగాక ముందా, మొదలైనంకనా అని అడుగుతరు. అక్కడ ఆగిపోతరు. తమాషా ఏందంటే, అదే సర్వే గర్భసంచి తీసేయించుకున్న ఆడవాళ్ళను ఎందుకు తీసిన్రని అడుగుతది, జవాబులు పట్టికేసి అచ్చేస్తది. గర్భసంచి తీస్తే కారణం అడగాలని తోచినోళ్ళకు గర్భసంచి కోస్తే అడగాలని ఎందుకు తోచలేదో నాకు తెల్వదు.

దవాఖానల నుంచి నెలనెలా పైకి పోయే లెక్క ఇంకోటి. హెచ్‌ఎంఐఎస్ అంటరు, 2008 నుంచి నడుస్తుంది. అందులో ఆపరేషన్ కాన్పులు ఎన్ని అని ఒక గడి. వాటిలో రాత్రి 8 నుంచి పొద్దున 8 లోపల చేసినవి ఎన్ని అని ఇంకో గడి. మూడోది, పుట్టిన బిడ్డను నమోదు చేసే ఫారం. 1969 జనన మరణాల నమోదు చట్టం కింద వచ్చింది. అందులో తల్లి చదువు, తండ్రి పని, మతం, కాన్పు ఎవరు చేసిన్రు, ఏ పద్ధతిలో చేసిన్రు, మామూలా, ఆపరేషనా, పట్టుకారుతో లాగిన్రా, అన్నీ అడుగుతరు. ఎందుకు అన్న మాట అందులోనూ లేదు. మతం గడి ఉన్న ఆ కాగితంలో కులం గడి గూడ లేదు. కాబట్టి మాల, మాదిగ తల్లుల్లో ఎంతమందికి కోత కాన్పులైనయో ఆ ఫారాల కట్టలన్నీ ముందేసుకున్నా ఎవరూ తేల్చలేరు.

మా వాడకొచ్చే నర్సమ్మ మంచి మనిషి. ఎండకు వానకు తిరుగుతది. ఆమెను అడిగిన. చేతిలో ఉన్న ట్యాబ్ నాకు చూపించింది. నార్మల్, సీ సెక్షన్, రెండే. "ఏదో ఒకటి నొక్కితేనే ముందుకు పోతది టీచరమ్మా. ఎందుకైందని రాద్దామంటే జాగేది?"

కారణం లేని చోట నోటికొచ్చిన కారణం వచ్చి కూర్చుంటది. ఈ 60 శాతం మీద టీవీల్లో చర్చ జరిగినప్పుడల్లా రెండు మాటలు వినబడతయి. ఒకటి, ముహూర్తాలు. రెండు, ఈ కాలం ఆడపిల్లలు నొప్పులు ఓర్చుకోరు. 2022లో అప్పటి ఆరోగ్య మంత్రి హరీశ్ రావు గూడ ముహూర్తాల కాన్పులు మానుకోవాలని చెప్పిండు. ముహూర్తం పెట్టుకుని కోయించుకునేవాళ్ళు లేరని నేననను. మా వాడలో గూడ ఈ మధ్య పంతుల్ని అడిగొచ్చినోళ్ళు ఇద్దరు ముగ్గురున్నరు. మనల్ని పుట్టుకతోనే అంటరానోళ్ళను చేసిన పంచాంగం పట్టుకుని మన బిడ్డ పుట్టే గడియ వెతుక్కోవడం నాకైతే మింగుడుపడదు, వాళ్ళ మొహం మీదనే అన్న. కానీ రాష్ట్రంల ప్రతి పది కాన్పుల్లో ఆరు పంచాంగం వల్లనే అయినయంటే నమ్మాల్నా? ఇంక నొప్పులు ఓర్చుకోరన్న మాట. ఆదిబట్లలో కంపెనీల బాత్‌రూములు కడగను పోయే మా చెల్లె, ఆపరేషనైన నలభయ్యో దినం బక్కెట్లెత్తింది. ఆమెకు నొప్పి ఓర్పు గురించి స్టూడియోలో కూర్చుని పాఠం చెప్తరు.

నేను సర్కారు ఉద్యోగిని కాబట్టి ఇప్పుడు నాకు కాన్పయితే 180 దినాల సెలవుంటది. 1928లో బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ ఆడకూలీల ప్రసూతి బిల్లు వస్తే దానికి మద్దతుగా నిలబడి మాట్లాడినోళ్ళలో అంబేద్కర్ ఒకరు. కాంట్రాక్టరు కింద పనిచేసే మా చెల్లెకు నూరేండ్లయినా ఆ సెలవు అందలేదు. కోత కాన్పంటే ఆమెకు మూడు నెలల కూలి పోవడం. వెన్నుల సూది వేసిన కాన్నుంచి వంగితే లేవలేకపోవడం. ఆ కోత ఎందుకో తెలుసుకునే హక్కు ఆమెకు లేదా?

ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలె. మనోళ్ళలో కొందరు ఈ లెక్కలు చూసి "ఆపరేషన్లన్నీ దోపిడే, బంద్ చెయ్యాలె" అంటరు. నేను ఒప్పుకోను. మా వరసకు వదినె ఒకామె ఉంది. నొప్పులతోని ఒక దవాఖానకు పోతే అక్కడ మత్తు డాక్టరు లేడన్నరు. ఇంకో దానికి పొమ్మన్నరు. అక్కడ మంచాల్లేవన్నరు. మూడో చోటికి పోయేసరికి బిడ్డ కడుపులోనే పోయిండు. ఆమెకు ఆ రాత్రి ఆపరేషన్ కావాలె. సమయానికి కావాలె. కాలేదు. ఆమె చేతిలో మిగిలిన చీటీ మీద "తదుపరి వైద్యం కోసం పంపడమైనది" అని ఉంది. మత్తు డాక్టరు లేడని రాయలేదు. 60 శాతం లెక్కలో ఆమె లేదు. అవసరం లేకున్నా కోసినోళ్ళు, అవసరమైనా కోయించుకోలేనోళ్ళు, ఇద్దరూ ఆ ఒక్క అంకె వెనక దాక్కుంటరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో ఆపరేషన్ కాన్పులు 10 నుంచి 15 శాతానికి మించనవసరం లేదన్నది. 2015లో అదే సంస్థ మాట సవరించుకుంది. 10 శాతం దాటితే జనం మొత్తం మీద తల్లుల చావులు, పసిగుడ్ల చావులు ఇంకా తగ్గినట్టు కనబడలేదని చెప్తూనే, ఫలానా శాతం చేరాలని పాకులాడకండి, అవసరమున్న ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేటట్టు చూడండి అన్నది. అవసరమున్న తల్లి ఎవరో తెలియాలంటే అవసరం రాసి ఉండాలె కదా.

శాతాలు, టార్గెట్ల పిచ్చి ఎక్కడికి పోతదో మాకు పక్కనే కనబడింది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్ళకు పిల్లలు కాకుండా ఆపరేషన్లు చేసిన్రు. ఆ తర్వాతి రోజుల్లో నలుగురు తల్లులు చనిపోయిన్రు. కమిటీ వేసిన్రు, ఇన్ఫెక్షన్ అన్నరు. అది కాన్పు ఆపరేషన్ కాదు, నిజమే. కానీ అంకె ముందు, మనిషి తర్వాత అనే పద్ధతి అదే. ఆ సంవత్సరమే సర్కారు దవాఖానల్లో మామూలు కాన్పు చేసిన బృందానికి కాన్పుకు 3,000 రూపాయల ప్రోత్సాహకం అన్నరు. ఉద్దేశం మంచిదే కావొచ్చు. రేపు ఆ మూడు వేల కోసం ఒక తల్లిని ఆగాల్సిన దానికంటే ఎక్కువ సేపు ఆపితే? దానికి గూడ కారణం రాసే గడి లేదు. ప్రైవేటు ఆసుపత్రుల ఆపరేషన్లను ఆడిట్ చేస్తమని గూడ అప్పుడే చెప్పిన్రు. ఆడిట్లో డాక్టర్లు రాసేది డాక్టర్లే చదువుతరు. కోయించుకున్న మనిషిని ఆ గదిలోకి పిలిచి "అమ్మా, నీకేం చెప్పిన్రు?" అని అడిగినట్టు నేను ఇప్పటిదాకా మా దగ్గర వినలేదు.

రాసుకునే పద్ధతి లేక కాదు. మైకేల్ రాబ్సన్ అనే ప్రసూతి డాక్టరు 2001లో తల్లులందరినీ పది గుంపులుగ విడదీసే పద్ధతి ఒకటి చెప్పిండు. తొలిచూలా, మలిచూలా? ఇదివరకు ఆపరేషన్ అయిందా? నెలలు నిండినయా? బిడ్డ తలకిందులుగ ఉందా, ఎదురుకాళ్ళా, అడ్డమా? ఒకరా, కవలలా? నొప్పులు వాటంతట అవే వచ్చినయా, తెప్పించిన్రా, రాకముందే కోసిన్రా? ఇంతే. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దవాఖానలకూ ఇదే పెట్టమన్నది. ఇది గూడ కారణం రాయదు, కానీ ఏ గుంపు తల్లులను ఎక్కువ కోస్తున్నరో బయటపెడుతది. తొలిచూలు, నెలలు నిండినయి, బిడ్డ తలకిందులుగనే ఉంది, నొప్పులు రానేలేదు, అయినా కోసిన్రు అని తేలితే అప్పుడు "ఎందుకు?" అని అడగడానికి మనకు ఒక నిలబడే జాగ దొరుకుతది. ఆ ప్రశ్నలు చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. నిశాని పెట్టే మా అమ్మమ్మ ఈ పదింటిలో సగం పైగ చెయ్యి పెట్టి చూసి చెప్పేది.

2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి కులసర్వే పెట్టినప్పుడు ఎస్జీటీలందరితో పాటు నేనూ తిరిగిన. 75 ప్రశ్నలు. కులం, ఉపకులం, భూమి, చదువు, అప్పు. అప్పు దగ్గరికి రాగానే ఆడవాళ్ళు కాన్పు సంగతి ఎత్తేవాళ్ళు. "ఆపరేషన్‌కు తెచ్చిన అప్పు." ఒక్క ఇంట్ల కాదు. ఎందుకైంది ఆపరేషన్ అని అడిగేదాన్ని, ఫారంలో లేకున్నా. "తెల్వదు" అనేవాళ్ళు ఎక్కువ. "అర్జెంటన్నరు." "బిడ్డ ఉమ్మనీరు తాగిందన్నరు." "కడుపుల ఉచ్చ పోసిందన్నరు." "పెద్ద డాక్టరమ్మ ఊరికి పోతదట, అందుకని ఇయ్యాలనే అన్నరు." ఒకామె మాత్రం నిలబడి ఖచ్చితంగ చెప్పింది. "నాకు గుర్రపువాతమొచ్చింది. సర్కారు దవాఖానల ఒక డాక్టరమ్మ మంచం పక్కన కూసోని బొమ్మేసి చెప్పింది. కోయకుంటే నేను సచ్చిపోతుంటి." ఆమె కడుపు మీది గీత గురించి ఆమెకే ఏ అనుమానమూ లేదు. అప్పు గురించి గూడ లేదు, అప్పే కాలేదు కాబట్టి.

ఆ సర్వే అయినంక నూరు పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టిన. నోటితో ఏం చెప్పిన్రు, కాగితంలో ఏముంది, నొప్పులొచ్చినయా, ఎన్ని గంటలకు, సంతకం ఎవరు పెట్టిన్రు. ఐదు గడులు స్కేలుతో గీసిన. పేర్లు రాయను, ఇంటి గుర్తు మాత్రం పెట్టుకుంట. సగం నిండింది. చాలా వరుసల్లో రెండో గడి ఖాళీ, ఎందుకంటే కాగితమే లేదు. పోయింది, తడిసింది, లేకుంటే ఇయ్యలేదు.

కాగితం మనకియ్యాలని రూలుంది. అడ్వకేటు చదువుతున్న మా వాడ తమ్ముడు చూపించిండు. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి. ఆసుపత్రిలో చేరిన మనిషి రికార్డును మూడేండ్లు దాచాలె. రోగి గాని, రోగి తరఫువాళ్ళు గాని అడిగితే 72 గంటల్లో ఇయ్యాలె. డిశ్చార్జి చీటీ ఒక్కటే కాదు, కేసుషీటు. ఈ సంగతి తెలిసినంక నాది అడగబోయిన. "2018దా? మూడేండ్లు దాటింది మేడం, తీసేసినం" అన్నరు. రూలు ప్రకారం వాళ్ళు చెప్పింది తప్పు కాదు.

చెల్లెది 2022 నవంబర్. ఇంకో ఆసుపత్రి. దాని గడువు దాటకముందే, 2025లో, ఇద్దరం పోయినం. దరఖాస్తు తెలుగులో రాసిన, నియమావళి పేరు, సంవత్సరం వేసిన, రశీదు ముద్ర అడిగి వేయించుకున్న. "ఎందుకు మీకు? కేసేస్తరా?" అన్నరు. "మళ్ళీ నిలబడ్డది, చూపించుకోను కావాలె" అన్నది చెల్లె. నిజమే, అప్పటికి ఆమెకు నాలుగో నెల. 72 గంటలు కాదు, పదకొండో దినం ఇచ్చిన్రు. ముప్పైకి పైగ పేజీలు. జిరాక్సుకు పైసలు మేమే కట్టినం.

రాత్రి పిల్లలు పడుకున్నంక దీపం కింద కాదు, ట్యూబులైటు కింద కూసుని ఒక్కో పేజీ చదివిన. నర్సు రాసిన పేజీలో పొద్దున 8:15కు: నొప్పులు లేవు, బిడ్డ గుండె చప్పుడు బాగుంది. డాక్టరు రాసిన పేజీలో 10:40కి ఆపరేషన్. కారణం: నడుమెముక ఇరుకు, కాన్పు ముందుకు సాగలేదు. నడుమెముక సరిపోతదో లేదో నొప్పులొచ్చి బిడ్డ కిందికి దిగేటప్పుడే తెలుస్తదని పుస్తకాల్లో ఉంది. నొప్పులే మొదలుగాని కాన్పు ముందుకెట్ల సాగుతది? రెండూ ఒకటే కేసుషీటు, ఒకటే పొద్దు, మధ్యల రెండున్నర గంటలు.

ఇదేం చదువుకున్న మనిషి పంతం కాదు. చెల్లె రెండో కాన్పు దీని మీదనే ఉంది. మొదటి ఆపరేషన్ నిజంగ నడుమెముక ఇరుకై చేసిందైతే మళ్ళీ ఆపరేషనే. వేరే కారణానికి చేసిందైతే, పాత కుట్టు గట్టిగుంటే, పెద్ద దవాఖానలో, కనిపెట్టుకునే డాక్టర్లుంటే మామూలు కాన్పుకు ప్రయత్నించొచ్చు. అప్పుడు బక్కెట్లెత్తే నడుముకు ఇంకో సూది తప్పుతది, మూడు నెలల కూలి మిగులుతది. కారణం తెల్వకుంటే "పాత ఆపరేషన్" అన్నదే కొత్త ఆపరేషన్‌కు కారణమవుతది, ఆ రాత మాత్రం అబద్ధం కాదు.

ఈసారి పట్నంల సర్కారు ప్రసూతి దవాఖానకు తీస్కపోయిన. ఓపీలో నిలబడి నిలబడి మా నంబరొచ్చేసరికి పన్నెండు దాటింది. డాక్టరు చిన్న వయసామె. మొదటి ప్రశ్ననే అది: "ఫస్ట్ ఆపరేషన్ ఎందుకు చేసిన్రు?" చెల్లె నా దిక్కు చూసింది. నేను సంచిలకెళ్ళి కట్ట తీసి ఆ రెండు పేజీలు బల్ల మీద పెట్టిన. ఆమె రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. మళ్ళీ చదివింది. ఏమీ అనలేదు. తల్లీబిడ్డ కార్డు తీసుకుని ఒక లైను రాసింది, ముద్ర వేసింది.

బయట చెట్టు కింద కూసున్నంక చెల్లె అడిగింది, "ఏం రాసిందక్కా?"

చదివి చెప్పిన. "మొదటి ఆపరేషన్‌కు కారణం స్పష్టంగా లేదు. కుట్టు స్కానింగ్ చేయించి మళ్ళీ రావాలి."

ఏడో తారీఖున రమ్మన్నరు. ఆ రోజు బడికి సెలవు పెట్టిన.